కణితి నిరోధక జన్యువుల ఉత్పరివర్తనలు

కణ విభజన హద్దు దాటకుండా ఆపేవి కణితి నిరోధక జన్యువులు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున వీటికి రెండు ప్రతులుంటాయి. సాధారణంగా రెండూ చెడితేనే అదుపు తప్పుతుంది. పసిపిల్లల కంటి క్యాన్సర్ రెటినోబ్లాస్టోమాను పరిశీలించి 1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ చెప్పిన ‘రెండు దెబ్బల’ సూత్రమిదే.

టీపీ53 అనే నిరోధక జన్యువు ఈ లెక్కకు పూర్తిగా లొంగదు. మానవ క్యాన్సర్లలో దాదాపు సగంలో ఈ జన్యువు మారి కనిపిస్తుంది. దీని ప్రోటీను అణువులు నాలుగేసి జతకట్టి పనిచేస్తాయి కనుక ఒక్క ప్రతి చెడినా మంచి ప్రతి పని కుంటుపడవచ్చు. 1979లో కనుగొన్న ఈ ప్రోటీనును మొదట క్యాన్సర్ కారకమనే అనుకున్నారు. అసలు సంగతి తేలడానికి పదేళ్లు పట్టింది.

ఈ జన్యువులపై పరిశోధన తెలంగాణలోనూ జరుగుతోంది. అక్కడి మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలో జీవసాంకేతికత అనగానే శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీ గుర్తొస్తుంది; అక్కడ పేరంతా టీకాలది. ఈ జన్యువులపై చెప్పుకోదగ్గ పరిశోధన మాత్రం ఇప్పుడు అదే జిల్లాలోని ఉప్పల్‌లో ఉన్న సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థది. పెద్దపేగు క్యాన్సర్లో ఏపీసీ అనే నిరోధక జన్యువు చెడి కణాలను విభజనకు పురికొల్పే ‘వింట్’ సంకేతాలు పెచ్చుమీరడం పాఠ్యపుస్తకాల్లోని దారి. సీడీఎఫ్‌డీ శాస్త్రవేత్త మురళి బాష్యం బృందం పరిశీలించిన భారతీయ రోగుల్లో, చిన్న వయసులో వచ్చిన క్యాన్సర్లు చాలావరకు ఆ దారి పట్టలేదు.