లైబ్రరీ బీరువాలోంచి గ్యాలరీ గోడకు

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇవాళ ఎనిమిది లక్షలకు పైగా ఫొటోలున్నాయి. వాటిలో తొలినాటివి చాలావరకు కళాఖండాలుగా కాదు, పనిముట్లుగా లోపలికి వచ్చాయి. 1852లో మ్యూజియం మొదలైనప్పుడు దాన్ని నడిపిన హెన్రీ కోల్ గురి వేరు. దేశదేశాల కట్టడాలు, నగిషీలు, కుర్చీలు, గిన్నెలు డిజైన్ నేర్చుకునేవాళ్లకు చూపించాలి. అన్నీ కొని తేవడం ఎవరి తరం? ఫొటోలైతే తేలిక. అందుకే వాటిని ఆర్ట్ లైబ్రరీలో, పుస్తకాల సరసన పెట్టారు.

మ్యూజియం తొలి ఫొటోగ్రాఫర్ చార్లెస్ థర్స్టన్ థాంప్సన్ 1853లో ఒక వెనిస్ అద్దాన్ని ఫొటో తీశాడు. పనల్లా ఆ చట్రం చెక్కడం చూపించడమే. కానీ అద్దం ఊరుకుంటుందా? మధ్యలో కెమెరా, దాని పక్కన థాంప్సన్ దొరికిపోయారు. ఇప్పుడా ఫొటో చూసేవాళ్లకు చట్రం గుర్తుండదు, ఆయనే గుర్తుంటాడు. 1868లో ఆయన పోయాక ఆ పని చెల్లెలు ఇసబెల్ ఆగ్నెస్ కౌపర్ చేతికొచ్చింది. 1891 దాకా ఆమే చేసింది. అన్న పేరు నిలిచినట్టు ఆమె పేరు నిలవలేదు.

కోల్ కేవలం లెక్కల మనిషేం కాదు. కలకత్తాలో పుట్టి, నలభై ఎనిమిదో ఏట కెమెరా పట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ ఫొటోలను 1865లోనే కొన్నాడు. మసకగా ఉన్నాయని, ప్లేటు మీద మరకలున్నాయని తోటి ఫొటోగ్రాఫర్లు ఆమెను ఎద్దేవా చేస్తున్న రోజులవి. 1868లో స్టూడియోకని మ్యూజియంలోనే రెండు గదులిచ్చాడు.

ఆ తర్వాత శతాబ్దం పాటు సేకరణ పెరుగుతూనే ఉంది, హోదా మాత్రం మారలేదు. 1969లో ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ ప్రదర్శన కొంత కదలిక తెచ్చింది. 1977లో ఫొటోలను లైబ్రరీ నుంచి ప్రింట్లు, డ్రాయింగుల విభాగానికి మార్చారు. చూడబోతే ఆఫీసు సర్దుబాటే. కానీ ఫొటోను ఫొటో కోసమే సేకరించడం పద్ధతిగా సాగింది అప్పటినుంచే.

నా మటుకు నాకు, ఈ మార్పుతో ఎక్కువ లాభపడింది పాత రికార్డు ఫొటోలే. 2015లో ఇక్కడ కెప్టెన్ లినేయస్ ట్రైప్ ప్రదర్శన జరిగింది. ట్రైప్ మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్. గుంటూరు కమిషనర్ వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసు పంపించిన అమరావతి స్తూప శిల్పాలను 1858లో అక్కడి మ్యూజియంలో ఫొటోలు తీసింది ఆయనే. మరుసటి ఏడాది ఆ రాళ్లలో చాలావాటిని ఓడెక్కించారు. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ట్రైప్ ఉద్యోగం కూడా ఎంతో కాలం సాగలేదు. ఖర్చు దండగని ప్రభుత్వం ఎత్తేసింది. అప్పట్లో దండగ అనిపించిన పనికే ఇప్పుడు ప్రత్యేక ప్రదర్శన.

2017లో రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ సేకరణ, సుమారు 2,70,000 ఫొటోలు, వేల కెమెరాలతో సహా బ్రాడ్‌ఫర్డ్ నుంచి ఇక్కడికి చేరింది. ఉత్తర ఇంగ్లండ్ ఊరి సొత్తు మళ్లీ లండన్‌కే పోయిందని బ్రాడ్‌ఫర్డ్‌లో గట్టిగానే గొడవైంది. 2018లో ఫొటోగ్రఫీ సెంటర్ తెరిచారు, 2023లో విస్తరించారు. గదులు పెరిగాయి గానీ, బ్రాడ్‌ఫర్డ్ వాళ్ల కోపంలో న్యాయం లేదనలేం.