సిబ్బంది తగ్గింపు: యజమాని వెసులుబాటు, కార్మికుని రక్షణ

కురబలకోట: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో కార్మిక చట్టాలను అధ్యయనం చేయువారు ముందుగా గమనించవలసినది ఒక సంఖ్య. ఎంతమంది కార్మికులున్న ఫ్యాక్టరీ, గని లేదా తోట సిబ్బందిని తగ్గించుటకు ప్రభుత్వ ముందస్తు అనుమతి పొందవలెనన్నది 1976లో 300గా నిర్ణయమైనది. 1982 సవరణ దానిని 100కు తగ్గించినది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 మరల 300 చేసినది. యజమానులు కోరిన వెసులుబాటు ఇదే. కార్మిక సంఘాల అభ్యంతరమూ దీనిపైనే.

అయితే పదిమందో ఇరవైమందో పనిచేయు చిన్న యూనిట్లకు ఈ సంఖ్యతో నిమిత్తం లేదు. అక్కడ కార్మికునికి అండ పరిహారమే. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారిని తగ్గింపు కింద తొలగించవలెనన్న నెల రోజుల నోటీసు లేదా అందుకు బదులు వేతనం, పూర్తయిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం చెల్లించవలెను. రోజుకు 500 రూపాయల వేతనంపై ఆరేళ్లు పనిచేసినవారికి పరిహారం 45,000 రూపాయలగును. దీనికి అదనంగా, యజమాని నైపుణ్య పునఃశిక్షణ నిధికి జమచేయు 15 రోజుల వేతనం 45 రోజులలోగా కార్మికుని ఖాతాకు చేరవలెనని కోడ్ నిర్దేశించినది.

చిక్కంతా రుజువు వద్దనే. 240 రోజులు పనిచేసినట్లు చూపవలసిన భారం కార్మికునిదేనని సుప్రీంకోర్టు 2002లో స్పష్టం చేసినది. కార్మికుని మాట ఒక్కటే చాలదు. హాజరు పట్టీ, వేతన చీటీ, నియామక పత్రం వంటి ఆధారం కావలెను.