గ్రామఫోను పునరుద్ధరణ

గ్రామఫోను పునరుద్ధరణ అనగా పాతబడి మూలపడిన కీ గ్రామఫోనును శుభ్రపరచి, అరిగిన లేదా విరిగిన భాగాలను సరిచేసి, మరల పాడించే పని. భాగాలను మార్చి యంత్రాన్ని వేరొక రూపానికి తేవడాన్ని మార్పు అంటారు. ఈ రెండింటి మధ్య భేదం ముఖ్యమైనది. మొదటిది యంత్రం చరిత్రను నిలుపుతుంది, రెండవది చాలాసార్లు దానిని చెరిపివేస్తుంది.

చరిత్ర

1877లో థామస్ ఆల్వా ఎడిసన్ రూపొందించిన ఫోనోగ్రాఫులో తగరపు రేకు చుట్టిన స్థూపంపై ధ్వని నమోదయ్యేది. 1887లో ఎమిలీ బెర్లినర్ బల్లపరుపు రికార్డుతో పనిచేసే గ్రామఫోనుకు పేటెంటు పొందాడు. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ గ్రామఫోను కంపెనీ తరఫున కలకత్తా వచ్చి గౌహర్ జాన్ మొదలైన వారి పాటలను రికార్డు చేశాడు. 1908లో అదే నగరంలోని సియాల్దాలో రికార్డుల కర్మాగారం ఏర్పడింది. 1928లో డమ్ డమ్‌లో పెద్ద కర్మాగారం వచ్చింది.

తెలుగునాట పద్యనాటకాలకు గ్రామఫోను వలన గొప్ప ప్రచారం లభించింది. స్థానం నరసింహారావు, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటుల గానం రికార్డుల ద్వారా ఊరూరా వినిపించింది. నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాలు 1948 వరకు నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో ఉండేవి. విద్యుత్తు లేని పల్లెలలో సైతం కీ గ్రామఫోను పనిచేయగలదు. అందుకే రేడియో విస్తరించక ముందు సంగీతం ఇంటికి చేరడానికి ఇది ముఖ్య సాధనమైంది.

భాగాలు, వాటి మరమ్మత్తు

స్ప్రింగు: ఉక్కు పట్టీని డబ్బాలో చుట్టగా ఏర్పడేదే ప్రధాన స్ప్రింగు. కీ తిప్పినప్పుడు ఇది బిగుసుకొని, విడివడుతూ పళ్ళేన్ని తిప్పుతుంది. లోపలి గ్రీజు గట్టిపడితే చుట్లు ఒకదానికొకటి అంటుకొని, ఒక్కసారిగా విడిపోతూ దడదడ శబ్దం చేస్తాయి. అప్పుడు స్ప్రింగును తీసి కడిగి, గ్రాఫైటు కలిపిన గ్రీజు పూయాలి. కీ పూర్తిగా దిగకముందే డబ్బాను తెరవరాదు. బిగిసి ఉన్న స్ప్రింగు ఎగిరివచ్చి చేతులను, కళ్ళను తీవ్రంగా గాయపరచగలదు.

గవర్నరు: పళ్ళెం వేగాన్ని స్థిరంగా ఉంచే భాగమిది. సన్నని పట్టీలకు అమర్చిన మూడు బరువులు వేగం పెరిగినకొద్దీ దూరంగా జరుగుతాయి. దానితో ఒక బిళ్ళ కదిలి తోలు లేదా నమదా ముక్కకు రాసుకొని వేగం తగ్గుతుంది. ఆ ముక్క ఎండిపోయినా, ఒక పట్టీ విరిగినా పాట ఊగిసలాడుతుంది. వేగం సరిచూడడానికి రికార్డు క్రింద కాగితపు చీటీ ఉంచి, ముల్లు రికార్డుపై ఉండగానే నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో లెక్కించాలి. సుమారు 78 చుట్లు రావాలి.

సౌండు బాక్సు: ముల్లు కంపనాలను ధ్వనిగా మార్చేది ఇందులోని పలుచని పొర. పాత నమూనాలలో ఇది అభ్రకంతోను, 1931లో వెలువడిన హెచ్.ఎం.వి. 102 వంటి యంత్రాలలో అల్యూమినియంతోను ఉంటుంది. పొర అంచున ఉండే రబ్బరు కాలక్రమంలో గట్టిపడి ధ్వని పగులుతుంది. క్రొత్త మెత్తని రబ్బరు అమర్చితే స్పష్టత తిరిగి వస్తుంది. అభ్రకపు పొరకు ముల్లు కడ్డీ కలిసే చోట చుక్క తేనెమైనం పెట్టి గాలి చొరకుండా చేస్తారు. జింకు మిశ్రమంతో పోతపోసిన కొన్ని భాగాలు వయసుతో ఉబ్బి పగులుతాయి. వాటిని బలవంతంగా విప్పరాదు.

రికార్డుల రక్షణ

78 వేగపు రికార్డులలో లక్క, రాతిపొడి కలిసి ఉంటాయి. ఆ పొడి ఉక్కు ముల్లును అరగదీసి గాడి ఆకారానికి తెస్తుంది. కనుక ఒక వైపుకు ఒక ముల్లు చొప్పున వాడాలి. అరిగిన ముల్లు గాడిని తినివేస్తుంది. లక్క స్పిరిటులో కరుగుతుంది కాబట్టి రికార్డును గానీ లక్క పాలిష్ ఉన్న పెట్టెను గానీ స్పిరిటుతో తుడవరాదు. తెలంగాణ వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండకు రికార్డులు వంగిపోతాయి. వాటిని నీడలో నిలువుగా పేర్చాలి. వినైల్ రికార్డులను ఈ యంత్రంపై వేస్తే బరువైన సౌండు బాక్సు వలన వెంటనే పాడవుతాయి.

అరుదైన రికార్డును తరచుగా గ్రామఫోనుపై వేయడం కంటే, 78 గాడికి తగిన వెడల్పు ముల్లు గల తేలికైన విద్యుత్ పికప్పుతో ఒకసారి డిజిటల్ రూపంలోకి మార్చుకోవడం మేలు. మిగిలినది ఒకే ప్రతి అయితే, అది అరిగిపోవడంతో ఆ గొంతు కూడా పోతుంది.

మార్పులు, నకిలీలు

పాత పెట్టె గ్రామఫోనుల మోటార్లను విప్పి, క్రొత్త చెక్కపెట్టెలో బిగించి, మెరిసే ఇత్తడి కొమ్ము తగిలించి పురాతన వస్తువులుగా అమ్మడం భారతదేశంలో చాలాకాలంగా ఉన్నది. వీటిపై కుక్కబొమ్మ ముద్ర కూడా ఉంటుంది. ఇటువంటి ఒక్క నకిలీ కోసం అసలైన యంత్రం ఒకటి నశిస్తుంది. కనుక మరమ్మత్తులో తీసిన పాత భాగాలను పారవేయక భద్రపరచడం, వెనుకకు మరల్చగలిగే మార్పులు మాత్రమే చేయడం, చేసిన పనిని వ్రాసి ఉంచడం మంచి పద్ధతులుగా భావిస్తారు.

ఇవి కూడా చూడండి

థామస్ ఆల్వా ఎడిసన్
లక్క
అభ్రకం
పద్యనాటకం