ఘారాపురి ద్వీపము – శిలలో వెలసిన సదాశివ తత్త్వము



మన పురాణములు భూమండలమును సప్తద్వీపములుగా వర్ణించినవి. ఆ మహాద్వీపముల మాట అటుంచి, నేడు మనము స్మరింపబోవునది పడమటి సముద్రమున, ముంబయి రేవు నడుమ నున్న ఒక చిన్న ద్వీపము. దాని పేరు ఘారాపురి. లోకమున ఎలిఫెంటా అని ప్రసిద్ధి. అక్కడికి పోయివచ్చినవారు అనేకులు గలరు. కాని పోయినవారిలో చూచినవారెందరు, చూచినవారిలో దర్శించినవారెందరు అన్నదే ప్రశ్న. ఆ భేదమును తెలుపుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

ముందుగా ద్వీప స్వరూపమును తెలిసికొందము. ముంబయిలోని గేట్‌వే ఆఫ్ ఇండియా నుండి తూర్పుగా సుమారు 10 కిలోమీటర్లు, పడవపై ఒక గంట ప్రయాణము. సముద్రము పోటు మీద నున్నపుడు ద్వీప విస్తీర్ణము దాదాపు 10 చదరపు కిలోమీటర్లు. ఆటు సమయమున నీరు తీయగా బురద నేలలు బయటపడి 16 చదరపు కిలోమీటర్ల వరకు పెరుగును. రెండు కొండలు, వాని నడుమ ఒక సన్నని లోయ, తీరమున మడ అడవులు, పైన తాడి, మామిడి, చింత, కానుగ వృక్షములు. ఇదియే ద్వీపము. రాజ్‌బందర్, శేత్‌బందర్, మోరాబందర్ అను మూడు పల్లెలలో సుమారు 1200 మంది నివసించుచున్నారు. చేపల వేట, కొద్దిపాటి వ్యవసాయము, యాత్రికులకు వస్తువులు అమ్ముట వీరి జీవనము. మహానగరపు దీపములు కంటికెదురుగా వెలుగుచుండినను ఈ పల్లెలకు సముద్ర గర్భమునుండి తీగ వేసి విద్యుత్తు తెచ్చినది 2018వ సంవత్సరమున మాత్రమే. అంతవరకు రాత్రి కొన్ని గంటలు జనరేటరు వెలుతురే వారికి ఆధారము.

ఇక చరిత్ర. తూర్పు కొండపై ఇటుకలతో కట్టిన ప్రాచీన బౌద్ధ స్తూపము, రెండు బౌద్ధ గుహలు గలవు. పడమటి కొండపై అయిదు గుహలు శైవ సంబంధమైనవి. వీనిలో మొదటిదే మహాగుహ. క్రీస్తు శకము 6వ శతాబ్ది మధ్యకాలమున దీనిని తొలిచిరని చరిత్రకారులు చెప్పుదురు. కలచురి వంశజుడైన కృష్ణరాజు నాణెములు ద్వీపమునందు లభించినవి. ఆ కలచురులు పాశుపత శైవులు. కావున ఇది వారి కాలపు నిర్మాణమని పలువురి అభిప్రాయము.

ఇచ్చట మన తెలుగువారు గమనింపదగిన విషయమొకటి గలదు. బాదామి చాళుక్య చక్రవర్తి రెండవ పులకేశి విజయములను వర్ణించు ఐహొళె శాసనము క్రీ.శ. 634-35 నాటిది; దానిని రచించినవాడు రవికీర్తి. పడమటి సముద్రమునకు లక్ష్మి వంటిదైన పురి అను నగరమును వందలాది నౌకలతో ముట్టడించెనని అందు గలదు. ఆ పురి ఈ ఘారాపురియే యని కొందరు పండితులు, కాదని మరికొందరు వాదింతురు. ఆ శాసనమే మన పిష్టపురమును, అనగా నేటి పిఠాపురమును, పులకేశి జయించిన సంగతినీ చెప్పుచున్నది. పిమ్మట అతని తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడే వేంగిలో తూర్పు చాళుక్య రాజ్యమునకు మూలపురుషుడయ్యెను. పడమటి కడలి చరిత్ర, మన తూర్పు తీరపు చరిత్ర ఒకే శిలపై ప్రక్కప్రక్కన నిలిచినవి.

1534లో గుజరాతు సుల్తాను బహదూర్‌షా వసయీ సంధి ద్వారా ఈ ప్రాంతమును పోర్చుగీసువారికి అప్పగించెను. రేవు చెంత నున్న పెద్ద రాతి ఏనుగును చూచి వారు పెట్టిన పేరే ఎలిఫెంటా. ఆ ఏనుగును 1864లో ఇంగ్లండుకు తరలింపబోగా అది పడి ముక్కలయ్యెను. ఆ ముక్కలను కూర్చి నిలిపిన ఏనుగు నేటికిని ముంబయిలోని బైకుల్లాలో గలదు. అంతకంటె పెద్ద నష్టము మరొకటి జరిగినది. గుహయందలి ఒక శిలాశాసనమును పోర్చుగీసువారు పెకలించి తమ రాజునకు పంపిరనియు, అక్కడ దానిని చదువగలవారు దొరకలేదనియు డియోగో దో కూతో అను పోర్చుగీసు చరిత్రకారుడు వ్రాసెను. తరువాత దాని జాడ లేదు. ఈ గుహను తొలిపించిన రాజెవరు, ప్రతిష్ఠ చేసిన ఆచార్యుడెవరు, మూర్తికి పెట్టిన నామమేమి అన్న ప్రశ్నలకు సమాధానము బహుశః ఆ శిలతోనే పోయినది. సైనికులు విగ్రహములను గురిగా పెట్టుకొని తుపాకులు కాల్చిరను మాట ప్రచారములో నున్నది. పశువులు చేరుట, వాన నీరు, ఉప్పుగాలి కూడ చెరుపు చేసినవి. నటరాజ మూర్తి పాదములు నేడు లేవు.

శాసనము పోయినను శిల్పము మిగిలినది. శాస్త్రము తెలిసినవానికి ఆ శిల్పమే శాసనము. దానిని చదువుదము.

మహాగుహ ఉత్తర ద్వారము నుండి వెనుక గోడ వరకు దాదాపు 39 మీటర్లు. ఈ గుహకు రెండు చూపులు గలవు. తూర్పునుండి పడమటికి చూచిన యెడల నాలుగు ద్వారముల గర్భగృహము, ఒక్కొక్క ద్వారమునకు ఇరువురు ద్వారపాలకులు, లోపల శివలింగము. ఉత్తరమునుండి దక్షిణమునకు చూచిన యెడల వెనుక గోడలో 5.45 మీటర్ల ఎత్తున మూడు ముఖముల మహామూర్తి. చుట్టును అర్ధనారీశ్వర, గంగాధర, కల్యాణసుందర, అంధకాసుర సంహార, నటరాజ, యోగీశ్వర మూర్తులు, కైలాసమునెత్తిన రావణుడు, పార్వతీ పరమేశ్వరుల ద్యూతక్రీడ.

ఈ మూడు ముఖములను చూచి బ్రహ్మ విష్ణు మహేశ్వరులను త్రిమూర్తులని పలువురు చెప్పుదురు. అది సరికాదు. ఇది సదాశివ మూర్తి. తైత్తిరీయ ఆరణ్యకమునందు సద్యోజాత, వామదేవ, అఘోర, తత్పురుష, ఈశానములను పంచబ్రహ్మ మంత్రములు గలవు. ఆ అయిదును పరమేశ్వరుని అయిదు ముఖములని శైవాగమములు నిరూపించినవి. మధ్యనున్న ప్రశాంత ముఖము తత్పురుషము. స్వామికి కుడి ప్రక్కన మీసము, భ్రుకుటి గలిగి సర్పమును పట్టినది అఘోరము. ఎడమ ప్రక్కన పద్మమును ధరించి స్త్రీ సౌకుమార్యముతో నున్నది వామదేవము. సద్యోజాతము వెనుక వైపుది గనుక కొండలో లీనమైనది. ఈశానము ఊర్ధ్వముఖము, అది ఆకాశ తత్త్వము గనుక శిల్పి దానిని చెక్కలేదు.

అయిదింటిలో మూడు మాత్రమే కంటికి కనబడును. ఇది శిల్పి అశక్తత కాదు, ఉపదేశము. ఆగమము శివతత్త్వమును మూడు విధముల చెప్పినది. రూపములేని నిష్కలము, రూపారూపములైన సకలనిష్కలము, లీలారూపమైన సకలము. గోడలపై కల్యాణము, తాండవము, సంహారము చేయు మూర్తులు సకలములు. కొండనుండి వక్షఃస్థలము వరకే వెలువడి, మిగిలినది కొండగనే నిలిచిన సదాశివుడు, గర్భగృహమందలి లింగము సకలనిష్కలములు. వీని వెనుక నున్న నిష్కలమునకు శిల్పము లేదు, శాసనము లేదు. దానిని పెకలింపగలవాడును లేడు.

భిన్న విగ్రహములు పూజార్హములు కావు కదా, అచ్చట మనకేమి పని అని కొందరు శంకింపవచ్చును. అంగహీనమైన బింబమునకు నిత్యార్చన చేయరాదను నియమము సత్యమే. కాని అర్చన వేరు, ధ్యానము వేరు. కొండయే ఆలయమైన చోట జీర్ణోద్ధారము చేసి మూర్తిని మార్చుట అసాధ్యము. అట్టిచోట కన్నులారా చూచి, మంత్రార్థమును మననము చేయుటకు ఏ శాస్త్రమును అడ్డు చెప్పదు.

ఈ గుహలు 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినవి. కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో నున్నవి. యాత్ర చేయదలచినవారు ఒక్క మాట గుర్తుంచుకొనవలెను. సోమవారము శివప్రీతికరమని ఆనాడు బయలుదేరరాదు. ఆ దినము గుహలకు సెలవు. రేవునుండి సుమారు 120 మెట్లు ఎక్కవలెను. భక్తి పేరిట శిల్పములకు కుంకుమ పూయుట, నూనె రాయుట, టెంకాయ కొట్టుట తగదు. తాకకుండుటయే ఇచ్చటి అభిషేకము. ఆ ద్వీపవాసుల బావులను, దారులను మలినపరచక మెలగుట కూడ యాత్రాధర్మమే.

మహామూర్తి ఎదుట ఒక్క పావుగంట మౌనముగా నిలిచి, కనబడు మూడు ముఖములకు నమస్కరించి, కనబడని రెండింటిని తలచుకొనుడు. అప్పుడు చూచుట దర్శనమగును. వేదమును నోట, ఆగమమును మనస్సున నిలుపుకొన్నవానికి పోయిన శాసనము గూర్చి దుఃఖింప పనిలేదు. చెప్పవలసినదంతయు ఆ మూర్తి చెప్పుచునే యున్నది.

శుభమస్తు.