అంబాసిడర్‌కి పట్టిన దెయ్యం

దెయ్యం పట్టిన మనుషుల గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి దెయ్యం పట్టిన కారు గురించి చెప్తాను. ఇది విన్న కథ కాదు. నేనే స్క్రూడ్రైవర్ పట్టుకుని విప్పి చూసినది.

2009 జనవరిలో విశాఖ నుంచి ఓడెక్కి పోర్టుబ్లెయిర్ వెళ్లాను. (2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు. నేను వెళ్లిన నాటికి పాత పేరే కాబట్టి అదే రాస్తున్నాను.) అక్కడ తెలుగువాళ్లకి కొదవ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే. మా ఆవిడ మేనమామ శ్రీకాకుళం నుంచి కుర్రతనంలోనే అక్కడికి వెళ్లి స్థిరపడ్డాడు. ఆయనకి 1960ల నాటి అంబాసిడర్ ఒకటి ఉండేది. చాలా ఏళ్లు దాన్ని టాక్సీగా నడిపి పిల్లల్ని చదివించుకున్నాడు. నేను వెళ్లేసరికి అది పెరట్లో రేకుల షెడ్డు కింద ఉంది. బంపరుకి నిమ్మకాయ, మిరపకాయలు, స్టీరింగుకి తాయెత్తు, ముందు టైరు కింద నలిగిన గుమ్మడికాయ!

"దానికి గాలి సోకింది బాబూ, తెల్లారగట్ల దానంతటదే హారన్ కొడతాది" అన్నాడు మావయ్య.

ఒక్క హారనే కాదట. బండి నడుస్తుంటే ఆంపియర్ మీటర్ ముల్లు వెనక్కి తిరుగుతుందట. ముసురు పట్టిన రోజున ఎంత సెల్ఫ్ కొట్టినా స్టార్ట్ అవదట. అంతకు నెలరోజుల ముందు హెడ్‌లైట్లు వేస్తే డాష్‌బోర్డు వెనకనుంచి పొగ వచ్చిందట. ఆ పొగకి కూడా చేయించిన వైద్యం దిష్టి తీయడమే. ఇవన్నీ 2004 డిసెంబర్ 26 తర్వాత మొదలయ్యాయని ఇంట్లో అందరూ ఒకే మాట. ఆ రోజు సిప్పిఘాట్ దగ్గర సునామీ నీళ్లు కారు సీట్ల దాకా వచ్చాయి. ఆ నీళ్లలో పోయినవాళ్ల ఆత్మే కారెక్కిందని ఎవరో చెప్పారు, వీళ్లు నమ్మారు. నవ్వడానికి నాకు మనసు రాలేదు. కళ్లముందు సముద్రం ఇంట్లోకొచ్చినవాళ్లు వాళ్లు. కానీ పొగ మాట వినగానే నాకు భయం వేసింది. ఎందుకంటే ఆ కారులో మనవరాలిని స్కూలుకి దింపుతున్నారు.

అంబాసిడర్ అంటే మన కారే అనుకుంటాం గానీ, దాని మూలం బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ దాన్ని 1950ల చివరి నుంచి 2014 దాకా తయారుచేసింది. కారుతో బాటు దాని వైరింగ్ పద్ధతీ వచ్చింది. లూకాస్ కంపెనీ రంగుల లెక్క చాలా తేలిక. గోధుమ రంగు వైరు నేరుగా బ్యాటరీది, తాళం తీసినా అందులో కరెంటు ఉంటుంది. తెలుపు తాళం తిప్పితేనే. ఆకుపచ్చ తాళం తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది. నీలం హెడ్‌లైట్లది, ఎరుపు చిన్న లైట్లది, నలుపు ఎర్త్. ఈ ఆరు రంగులు గుర్తుంటే సగం దెయ్యాలు దిగిపోతాయి.

ముందు హారన్ సంగతి చూశాను. ఈ కార్లలో హారన్‌కి కరెంటు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. మనం నొక్కే బటన్ చేసే పనల్లా హారన్‌నుంచి వచ్చే వైరుని బాడీకి తాకించడమే. ఆ వైరు స్టీరింగ్ గొట్టంలోంచి వస్తుంది. లాగి చూస్తే లోపల పై తొడుగు ఎండి, పెళుసై, పెచ్చులుగా రాలిపోయింది. రాగి తీగ బయటికొచ్చి గొట్టానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. తడి ఒక్కటే హారన్ మోగించలేదు, అంత కరెంటు తడిలోంచి పోదు. లోహం లోహాన్ని తాకాల్సిందే. షెడ్డులో సముద్రపు గాలి విసురుగా కొట్టి కారు కాస్త ఊగితే చాలు. నేను తలుపు పట్టుకుని ఊపాను. మూడోసారికి మోగింది. మావయ్య ఉలిక్కిపడ్డాడు. మళ్లీ ఊపమన్నాడు. తర్వాత తనే ఊపాడు.

మరి సునామీకి దీనికీ సంబంధం లేదా? ఉంది. ఉప్పునీళ్లు ఎండిపోయినా ఉప్పు ఎండిపోదు. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే తేమ లాక్కుని కరిగి నీరవుతుంది. మన వంటింట్లో వానాకాలం ఉప్పుజాడీ చూడండి. ఏడాదికి 3000 మిల్లీమీటర్ల దాకా వాన పడే ఆ ఊళ్లో ఆ కారు వైరింగ్ నాలుగేళ్లుగా నిజంగా ఆరనే లేదు.

ఇక్కడినుంచి నాకు అసలు ఆసక్తి మొదలైంది. మూఢనమ్మకం మంత్రగాళ్ల దగ్గరే ఉండదు, ఇంజనీర్ల దగ్గర కూడా ఉంటుంది. బ్యాటరీలో ఒక కొసని బాడీకి కలుపుతారు కదా, ఏ కొసని కలపాలి? 1930ల నడుమనుంచి బ్రిటిష్ కార్లలో ప్లస్‌ని బాడీకి కలిపారు. 1960ల నడుమకి మళ్లీ మైనస్‌కి వచ్చారు. ప్లస్ ఎర్త్ పెడితే బాడీ తుప్పు పట్టదని పాత మెకానిక్కులు ఇప్పటికీ చెప్తుంటారు.

ఇది తలకిందుల మాట. ఉప్పునీళ్లలో రెండు లోహపు ముక్కలు ముంచి కరెంటు పంపితే కరిగేది ప్లస్ వైపు ముక్క. ప్లస్ ఎర్త్‌లో ప్లస్ వైపున్నది బాడీ! కాపాడబడేది రాగి వైరు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో ప్లస్‌ని ఎర్త్ చేసి లైన్లని మైనస్ 48 వోల్టుల్లో ఉంచేది అందుకే, భూమిలోని రాగి తీగ తినేయబడకుండా. కార్లలో ప్లస్ ఎర్త్‌కి ఇంకో కారణం కూడా చెప్పేవారు. స్పార్క్ ప్లగ్గులో మధ్య కొస వేడిగా ఉంటుంది, అది మైనస్ అయితే ఎలక్ట్రాన్లు తేలిగ్గా దూకుతాయి. అది నిజమే. కానీ దానికి కాయిల్ వైర్లు రెండూ అటూ ఇటూ మారిస్తే చాలు.

సిద్ధాంతం సరైనదైతే సరిపోతుందా అంటే అదీ లేదు. 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ నౌకాదళం ఓడల అడుగున ఉండే రాగిరేకులు సముద్రంలో తినేయబడకుండా చిన్న జింకు, ఇనుము ముక్కలు తగిలించాడు. రాగి నిక్షేపంగా ఉంది, లెక్క తప్పలేదు. తీరా చూస్తే ఓడ అడుగున గుల్లలూ నాచూ దట్టంగా పట్టాయి. కరిగే రాగి విషమే అంతవరకూ వాటిని రానివ్వలేదు! చివరికి వాటిని తీసేయాల్సొచ్చింది. అందుకే పుస్తకంలో ఉన్నదని ఊరుకోకుండా కారులోనే చూడాలనుకున్నాను.

మావయ్య కారు మొదట ప్లస్ ఎర్త్. ఎప్పుడో రేడియో పెట్టించినప్పుడు ఒక మెకానిక్ బ్యాటరీ తిప్పేశాడు, అంటే సునామీ నాటికి మైనస్ ఎర్త్. నేననుకున్నది నిజమైతే ఎప్పుడూ కరెంటు ఉండే గోధుమ వైర్ల కొసలు బాగా చెడిపోవాలి, తాళం తిప్పితేనే కరెంటొచ్చే తెలుపు కొసలు బాగుండాలి. విప్పకముందే మావయ్యకి చెప్పి కాగితం మీద రాశాను. విప్పితే గోధుమ లగ్గులు పచ్చటి చిలుము పొడిగా రాలాయి. తెలుపువి నల్లబడ్డాయి గానీ గట్టిగా ఉన్నాయి.

ఆగండి, ఇది చాలదు. గోధుమ వైర్లు ఎక్కువగా ఇంజను దగ్గర ఉంటాయి. చెడిపోవడానికి ఆ వేడీ బ్యాటరీ యాసిడ్ ఆవిర్లూ కారణం కావచ్చు. అప్పుడు ఫ్యూజు బాక్సు చూశాం. ఒకే బాక్సులో గోధుమ వైరు స్క్రూ, తెలుపు వైరు స్క్రూ పక్కపక్కనే ఉంటాయి. అదే వేడి, అవే నీళ్లు, అదే ఉప్పు. గోధుమ స్క్రూ కింద చిలుము, తెలుపు స్క్రూ శుభ్రం. ఒక్క కారుతో సూత్రం రుజువైందని నేననను. కానీ ఆత్మకి వైర్ల రంగులు తెలుసని అనడం కంటే ఇది నయం.

మిగతావి ఇట్టే తేలాయి. బ్యాటరీ తిప్పిన మెకానిక్ డైనమోని సరిగ్గానే మార్చాడు గానీ, ఆంపియర్ మీటర్ వైర్లు తిప్పలేదు. అందుకే ఛార్జి అవుతుంటే ముల్లు వెనక్కి పోయేది. కాయిల్ వైర్లూ తిప్పలేదు, అందుకే తడి రోజుల్లో స్పార్క్ చాలేది కాదు. సునామీకి ముందునుంచీ ముల్లు అలాగే తిరిగేది కదా అని అడిగితే, మావయ్య కాసేపు ఆలోచించి "తిరిగేదే, నాను సూడ్లేదు" అన్నాడు.

పొగ మాత్రం నిజంగా ప్రమాదమే. ఈ కార్లలో ఫ్యూజులు రెండే, హెడ్‌లైట్లకి అసలు ఫ్యూజే లేదు. నీలం వైరు ఒకచోట బాడీకి రాసుకుని కాలి, పక్క వైర్ల తొడుగు కూడా కరిగిపోయింది. ఇంకొక్క వాన రాత్రి లైట్లు వేసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను.

అతుకులేసి లాభం లేదనిపించి మొత్తం మార్చాం. పాత వైరింగ్‌ని విరవకుండా తీసి, నేలమీద పరిచి, దాని పొడవులే కొలతగా అవే రంగులతో కొత్తది కట్టాం. పడవల ఇంజన్లు బాగుచేసే తెలుగు కుర్రాడొకడు తగరం పూత ఉన్న రాగి వైరు తెచ్చాడు. ప్రతి లగ్గుకీ సోల్డరు, పైన స్లీవు, హెడ్‌లైట్లకి విడిగా ఫ్యూజులు. బాడీని మంచినీళ్లతో మూడుసార్లు కడిగాం. ఆరు రోజులు పట్టింది.

బంపరుకున్న నిమ్మకాయని మావయ్య తీయలేదు. నేనూ తీయమనలేదు. అది కట్టింది ఇనప తీగతో. నిమ్మపులుసు కారిన చోట క్రోమియం పూత లేచి తుప్పు పట్టింది. అది చూపించాను. తీగ తీసేసి దారం కట్టాడు.