సూరత్ సాదేలీ పెట్టెకు వెల కట్టడం

తాపీ నదీతీరాన జరీ పనికీ వజ్రాల సానకూ పేరుగాంచిన సూరత్ నగరం ఒకప్పుడు పెట్టెలకు కూడ ప్రసిద్ధమైనదని ఎరిగినవారు నేడు కొద్దిమందే. పంతొమ్మిదవ శతాబ్దంలో ఇక్కడా బొంబాయిలోనూ పార్సీ పనివారు రూపొందించిన రాతపెట్టెలు, నగల పేటికలు, బల్లలు ఐరోపా ఇళ్ళను అలంకరించాయి. వాటిమీది పొదుగుడు పనికి సాదేలీ అని పేరు. ఇరాన్‌లోని షిరాజ్ నుండి సింధు ప్రాంతం మీదుగా ఈ విద్య వచ్చినదని ప్రతీతి. పార్సీలలో కనిపించే పేటీగరా అనే ఇంటిపేరు ఈ వృత్తినే తెలుపుతుంది.

ఇట్టి పెట్టె వారసత్వంగా చేతికి వచ్చినప్పుడు దాని విలువ దంతం తూకంలో లేదు, పనితీరులో ఉన్నది. దంతం, కొమ్ము, నల్లచేవ కలప, పచ్చరంగు వేసిన ఎముక మొదలైనవాటిని సన్నని పలకల కడ్డీలుగా చెక్కి, తగరపు తీగెలు చేర్చి, జిగురుతో ఒకే కట్టగా బిగిస్తారు. ఆరిన కట్టను రంపంతో అడ్డంగా కోస్తే పలుచని ప్రతి బిళ్ళలోనూ అదే నక్షత్రం తేలుతుంది. ఆ బిళ్ళలనే చెక్కపై అతికిస్తారు. కనుక పరీక్షకుడు మొదట చూడవలసినది నక్షత్రాల సూక్ష్మత. తరువాతి కాలపు సరుకులో నమూనాలు పెద్దవై, మోటుగా మారాయి. కలప తేమకు ఉబ్బి కుదించుకుపోతుంది, లోహం అట్లు కాదు. అందువల్ల బిళ్ళలు లేచి ఊడిపోవడం పాత పెట్టెలకు సహజమే. ఆ ఖాళీలను దేనితో పూడ్చారో భూతద్దంతో చూడాలి. ఎముకలో చిన్న నల్లని చుక్కలుంటాయి. దంతాన్ని అడ్డంగా కోసిన ముఖంపై ఒకదానినొకటి ఖండించే సన్నని గీతలుంటాయి. ప్లాస్టిక్‌లో రెండూ ఉండవు.

తెలుగువారికి బాగా తెలిసిన విశాఖపట్నం దంతపు పనితో దీనిని కలిపివేయరాదు. అక్కడ దంతపు రేకులను కలపలో పొదగడమో, పైన తాపడం చేయడమో జరిగేది. రేకులపై బొమ్మలు గీచి గీతలలో నల్లని లక్క నింపేవారు. పనితనం వేరు, వెల కట్టే ప్రమాణమూ వేరు.

ఇక చట్టం మాట. 1972 నాటి పురావస్తు, కళాసంపద చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన ఇట్టి కళాఖండాన్ని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు. అదే ఏటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో, 1991లో చేసిన సవరణలు దంతపు వ్యాపారాన్నే నిషేధించాయి. బ్రిటన్‌లోనూ 2022 జూన్ నుండి నిషేధం అమలులో ఉన్నది. అయితే 1947కు ముందు చేసి, పరిమాణంలో దంతం పదోవంతు కన్న తక్కువ ఉన్న వస్తువులను నమోదుచేసి అమ్మవచ్చు. లండన్ వేలంలో పలికిన ధరను సూరత్ ఇంటిలోని పెట్టెకు అంటగట్టడం అందుచేతనే పొరపాటు. అమ్మకం కోసం దంతాన్ని పెరికి ప్లాస్టిక్ నింపితే పెట్టెకు మిగిలేది చెక్క వెల మాత్రమే.

నేటి సూరత్ పనివారు దంతానికి బదులు ప్లాస్టిక్ వాడుతున్నారు. అది మోసం కాదు. ఆ పెట్టెను పాతదని చెప్పి అమ్మినప్పుడే మోసమవుతుంది.