ఒక ఎరువు వ్యాజ్యము

ఆస్ట్రేలియాలోని మాసన్ లేక్స్‌లో పెరటి కరివేపాకునకు ఎరువు వేయు తెలుగు గృహస్థుడు సంచిమీది పేరును చదువునే కాని, అట్టి పేర్లే యొకప్పుడు రెండు దేశముల నడుమ వ్యాజ్యమునకు మూలమైనవని యెరుగడు. రెండవ ప్రపంచయుద్ధకాలమునుండి ఆస్ట్రేలియా ప్రభుత్వము చిలీనుండి వచ్చు సోడియం నైట్రేటునకును అమ్మోనియం సల్ఫేటునకును సబ్సిడీ నిచ్చుచు, 1949 జూలై 1న మొదటిదానికి మాత్రము దానిని తొలగింపగా, దిగుమతి సరకులయెడ వివక్ష కూడదను గాట్ (అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందము) నియమము భంగమైనదని చిలీ ఫిర్యాదు చేసెను. రెండును పైరునకు నత్రజనినే యిచ్చును. అయినను సుంకపు పట్టికలో వేరువేరు పద్దులుగా నుండుటచే అవి సజాతీయములు కావని 1950లో విచారణసంఘము తేల్చినది. రైతు నడిగిన నేమనెడివాడో! నియమభంగము లేకున్నను, ఆ సంఘము చిలీ న్యాయముగా నాశించిన లాభము చెడినదని యొప్పుకొని, ఆ వ్యత్యాసమును సవరింపుమని ఆస్ట్రేలియాకు సిఫారసు చేసినది.